లోపలి నుంచి మూడు దెబ్బలు

ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, మూతలు వేయడం అని చెప్తాను. మా అమ్మాయి స్నేహితులు విని నవ్వుతారు. నవ్వనీ. పప్పు గిన్నె మీద మూత పెట్టడం వేరు, మనుషులు దిగి పనిచేసి వచ్చిన ఇనప ట్యాంకుకు మూత వేయడం వేరు.

నేను రిటైరయి మూడేళ్ళయింది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు, మా తెలుగువాళ్ళ పిల్లలే, ఫోన్ చేసి "అంకుల్, ఇంత టెన్షన్ మీరెలా తట్టుకున్నారు?" అని అడుగుతుంటారు. నేనేదో గుండె దిటవు ఉన్న మనిషినని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం చెడగొట్టడానికే ఇది రాస్తున్నాను.

హిందీ మాట్లాడే ఈ ఊళ్ళో, మా నాన్న ఉక్కు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. నాకు ప్లాంటులో ఉద్యోగం రాలేదు. ఊరి చివర హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక చిన్న యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా చేరాను. రసాయనాలు నిలవ చేసే పెద్ద పెద్ద ఇనప ట్యాంకుల లోపలి గోడలకు రబ్బరు అంటించడం మా పని. సైకిల్ పంక్చర్లకు వాడే సొల్యూషన్ లాంటిదే, డబ్బాలకు డబ్బాలు లోపల పూసేవాళ్ళం. ఆ వాసనకు తల తిరిగేది. అందుకని గంటకోసారి మనుషుల్ని బయటికి రప్పించి గాలి పీల్చుకోమనేవాణ్ణి. పని పూర్తయ్యాక ట్యాంకు పక్క గోడకు మనిషి దూరేంత ఉన్న గుండ్రటి మూత బోల్టులు బిగించి, నిండా నీళ్ళు నింపి, ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. బిగించేది మా హెడ్ ఫిట్టరు. బిగించమని చెప్పేది నేను.

లోపల రబ్బరు మీద గీత పడకూడదు కాబట్టి అందరూ చెప్పులు మూత దగ్గర విడిచి దిగేవాళ్ళు. మూత వేసే ముందు నేను చూసేది అదే. అక్కడ ఒక్క జత చెప్పులున్నా లోపల మనిషి ఉన్నట్టు. లేకపోతే ఖాళీ. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గాని, నేను చేరేనాటికే ఉంది. అన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదని గొప్పలు కూడా చెప్పుకున్నాను.

పదేళ్ళ కిందటి మాట. వానలు వెనకబట్టిన రోజులు. పొద్దున్నే మా పనివాళ్ళలో ఒకతను ఒట్టికాళ్ళతో గేటు దాటి వస్తున్నాడు. దుర్గ్ వైపు పల్లె అతనిది. సుపేలా బజారు దగ్గర ఆటో దిగుతుంటే చెప్పు తెగిందట, రెండోది కూడా అక్కడే పారేసి వచ్చేశాడు. "ఏమయ్యా, మొక్కేమన్నా ఉందా?" అని హిందీలో ఆటపట్టించాను. అతను నవ్వాడు. నేనూ నవ్వి నా పనిలో పడ్డాను.

మధ్యాహ్నం నాలుగింటికి మూత దగ్గర చెప్పులు లేవు. లోపలికి ఒక కేక వేశాను, జవాబు రాలేదు. బిగించమన్నాను. బోల్టులు పడ్డాయి, నీళ్ళ వాల్వు తిప్పారు. నేను పది అడుగుల దూరంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు వినిపించింది. ట్యాంకు లోపలి నుంచి మూడు దెబ్బలు. ఇనుము మీద ఇనుముతో కొట్టినట్టు, తొందర లేకుండా, ఒకదాని తర్వాత ఒకటి.

గ్లాసు ఎక్కడ పడేశానో తెలియదు. వాల్వు కట్టెయ్యమని అరిచాను. హెడ్ ఫిట్టరు, మరో ఇద్దరు బోల్టులు విప్పి మూత లాగేసరికి ఆ ఒట్టికాళ్ళ మనిషి ట్యాంకు అవతలి మూల వెల్లకిలా పడి ఉన్నాడు. నీళ్ళు అతని చెవుల దాకా వచ్చాయి. గుడ్డతో చివరిసారి తుడుస్తూ సొల్యూషన్ వాసనకు మగతలోకి జారిపోయాడట. బయటికి తెచ్చి గాలికి పడుకోబెట్టాక కళ్ళు తెరిచాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"గట్టిగా కొట్టావు, బతికిపోయావు" అన్నాను.

అతను అయోమయంగా చూశాడు. "నేను కొట్టలేదు భయ్యా. మై తో సో గయా థా."

నిద్రలో ఉన్నవాడు ఎలా కొడతాడు? మా హెడ్ ఫిట్టరు వైపు చూశాను. విజయనగరం వైపు మనిషి, నాకంటే పెద్దవాడు. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన మూతలోంచి చెయ్యి పెట్టి లోపలి గోడ మీద పిడికిలితో కొట్టి చూశాడు. దిండు మీద కొట్టినట్టు మెత్తటి చప్పుడు వచ్చింది.

"లోపలంతా రబ్బరే కద బాబూ. ఇనప సప్పుడు ఎలగొస్తాది?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మాకెవులికీ వినబడ్నేదు. మీరు అరిసేరని ఇప్పేం" అన్నాడు.

ఆ సాయంత్రం రిజిస్టరులో నేను రాసింది, మూత కింది రబ్బరు ప్యాకింగ్ సరిగా పడలేదని, అందుకే తెరిచి మళ్ళీ వేశామని. చేతులారా అబద్ధం రాశాను. అతను వారం తర్వాత ఆరోగ్యంగానే వచ్చి, ఇక్కడ పని మానేసి వేరేచోట చేరాడు. మా వాళ్ళు నా చెవుల్ని తెగ పొగిడారు. నేనొక మనిషిని నీళ్ళలో ముంచబోయానన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు లోపల సిగ్గుగా ఉన్నా పొగడ్తలు మాత్రం పుచ్చుకున్నాను.

ఆ ట్యాంకు సంగతి జరిగిన నాలుగో రోజునే మళ్ళీ వినిపించింది. ఈసారి ట్యాంకులో కాదు. సెక్టర్ 6లో మా నాన్న తీసుకున్న క్వార్టరులోనే ఉంటున్నాం. ఆదివారం పూట అన్నం తింటున్నాను. మేడ మీది నీళ్ళ ట్యాంకు నుంచి మూడు దెబ్బలు. అవే, అంతే నిదానంగా. ఎంగిలి చేత్తోనే మెట్లెక్కి మూత తీశాను. నీళ్ళున్నాయి. ఆకాశం కనిపించింది. నా మొహం కనిపించింది.

ఆ తర్వాత బీరువా. ఆ తర్వాత స్కూటరు డిక్కీ. సుపేలా బజారులో ఒక పిండిమర దగ్గర నిలబడితే దాని పక్కనున్న గోధుమల డ్రమ్ములోంచి. షాపువాణ్ణి అడక్కుండా మూత తీశాను. వాడు నన్ను ఎలా చూశాడో ఇప్పటికీ గుర్తుంది. తీసిన ప్రతిసారీ ఏమీ ఉండదు. తీస్తేగాని గుండె దడ ఆగదు. తీశాక ఒక పావుగంట హాయిగా ఉండేది, మళ్ళీ ఎక్కడో మొదలు. పనిలో మూత వేయించి, విప్పించి, మళ్ళీ వేయించి, మళ్ళీ విప్పించేవాణ్ణి. ఒక ట్యాంకుకు ఆరుసార్లు విప్పించాను. మా వాళ్ళు విసుక్కోలేదు గాని మాట్లాడ్డం తగ్గించారు.

ఇంట్లో మా ఆవిడ మొదట నేను ఎలకల కోసం వెతుకుతున్నాననుకుంది. తర్వాత సంగతేమిటో ఆవిడకు అర్థం కాలేదు.

"ఏటండీ ఇది? ఆ ట్యాంకులో ఏటుంటాది? పొద్దున్నుంచి మూడు మాట్లు ఎక్కేరు. గుంట సూస్తంది" అంది ఒకరోజు. గుంట అంటే మా అమ్మాయి.

"లీకవుతోందేమో అని" అన్నాను.

అప్పటికి అబద్ధం అలవాటయింది. నిజం చెప్తే ఏమవుతుంది? రేపటి నుంచి మూతలు వేయించే పని నాకు ఎవరిస్తారు? మన కాలనీలో ఒకడికి తల తిరుగుడు వచ్చిందంటేనే సెక్టరు సెక్టరంతా పాకుతుంది. అలాంటిది, వీడికి లేని చప్పుళ్ళు వినిపిస్తున్నాయట అంటే? పెళ్ళి కావలసిన పిల్ల ఇంట్లో లేకపోయినా, పదకొండేళ్ళ పిల్ల ఉంది. లేక లేక పుట్టిన ఒక్కతే పిల్ల. ఇలా నాకు నేనే కారణాలు చెప్పుకున్నాను.

ఆ పిల్ల అంతా గమనిస్తోందని నాకు తెలియదు. ఒకరోజు ఫ్రిజ్ ముందు నిలబడి తలుపు మీద వేలితో మూడుసార్లు కొట్టి, చెవి పెట్టి విని, అప్పుడు తెరిచింది. "ఎందుకమ్మా?" అన్నాను. "నువ్వు వింటావు కదా పప్పా. అందర్ కౌన్ హై?" అని అడిగింది. లోపల ఎవరున్నారని. ఆటలా కాదు, నిజంగానే అడిగింది. ఫ్రిజ్ తలుపు మూసేసి బయటికి వెళ్ళిపోయాను.

ఇక దీన్ని నేనే నయం చేసుకోవాలని పట్టుదల వచ్చింది. ఫోన్‌లో రోజూ వచ్చిపడే వీడియోల్లో ఒకాయన, భయాన్ని పట్టించుకోకండి, తిరిగి చూడకండి, అదే పోతుంది అని గట్టిగా చెప్పాడు. ఆయన ఎవరో, ఏం చదివాడో నాకు తెలియదు. అయినా ఆ రోజు నుంచి ఎన్ని చప్పుళ్ళు వినిపించినా ఒక్క మూత కూడా ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు సంగతీ ఎవరికీ చెప్పలేదు.

జనవరి చలి, ఆదివారం. రజాయిలన్నీ మంచాల మీదికి వచ్చేయడంతో వాటిని దాచే పెద్ద ఇనప పెట్టె ఖాళీగా ఉంది. మా ఆవిడ సుపేలాకు కూరలకు వెళ్ళింది. నేను ముందు గదిలో ఎండ పడే కుర్చీలో కూర్చున్నాను. పదకొండు గంటలు దాటింది. వెనక గదిలో ఆ పెట్టెలోంచి మూడు దెబ్బలు వినిపించాయి.

లేవలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. కాసేపటికి మళ్ళీ మూడు. చెమట పట్టింది. టీవీ పెట్టి సౌండు పెంచాను. దాని మీదుగా మళ్ళీ మూడు. లేవకపోతే గెలిచినట్టే అని లోలోపల అనుకుంటున్నాను. నిజంగా కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తాలనిపించదు.

మా ఆవిడ సంచితో లోపలికి వచ్చి, "గుంటేదండీ?" అంది.

"ఆడుకోడానికి పోయుంటుంది."

"సెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి కదండీ."

వెనక గదిలోకి ఎలా వెళ్ళానో తెలియదు. పెట్టె గొళ్ళెం దానంతటదే పడి ఉంది. మూత ఎత్తాను. పిల్ల మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. చలికాలంలో ఒళ్ళంతా చెమటతో తడిసిపోయి, పెదాలు ఎండిపోయి, కళ్ళు సగం మూసుకుని ఉంది. ఎత్తుకుని ఎండలోకి పరిగెత్తాను. మా ఆవిడ నీళ్ళు చల్లుతోంది, ఏడుస్తోంది, నన్ను తిడుతోంది, అన్నీ ఒకేసారి. రెండు మూడు నిమిషాలకు పిల్ల దగ్గి కళ్ళు తెరిచింది.

"ఎందుకెళ్ళావు తల్లీ అందులోకి?"

"నువ్వు రోజూ తెరుస్తావు. ఎవరూ ఉండరు. ఒక్కసారి ఎవరైనా ఉంటే నువ్వు ఖుష్ అయిపోయి ఆపేస్తావనుకున్నా."

నేను నేల మీద కూర్చుండిపోయాను. "అన్నిసార్లు కొట్టావు. నేను విన్నాను, రాలేదమ్మా" అన్నాను.

పిల్ల తల అడ్డంగా ఊపింది. "నేను కొట్టలేదు పప్పా. నువ్వే వస్తావు కదా అని ఊరుకున్నా. నిద్ర వచ్చేసింది."

మా ఆవిడ ఏడుపు ఆపి నా మొహం చూసింది. అప్పుడు చెప్పాను. ట్యాంకు, ఒట్టికాళ్ళ మనిషి, రిజిస్టరు, పిండిమర, ఒట్టు, అన్నీ. మూడు నెలలుగా నోట్లో కుక్కుకున్నది పావుగంటలో అయిపోయింది. ఆవిడ అంతా విని, "ఇన్నాల్లూ మీరొక్కరే మోసేరా? నాను సచ్చేనా?" అంది. ఆ తిట్టులో ఉన్న ఊరట నాకు ఏ మందులోనూ దొరకలేదు.

మర్నాడే మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళింది. ఒక మందుల షాపు మేడ మీద ఆవిడ కూర్చుంటారు. ఎవరైనా చూస్తారని స్కూటరు హెల్మెట్ తీయకుండానే మెట్లెక్కాను. పైన బెంచీ మీద హెల్మెట్ తీయని మనిషి ఇంకొకాయన ఉన్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టు కూర్చున్నాం.

డాక్టరమ్మ ఓపిగ్గా విన్నారు. ఒట్టికాళ్ళ మనిషిని పొద్దున మీరు చూశారా అని అడిగారు. చూశాను. పిల్ల చెప్పులు గుమ్మంలో ఉండటం ముందు గదిలోంచి కనిపిస్తుందా? కనిపిస్తుంది. "మీ కళ్ళు చూశాయి, మీరు పట్టించుకోలేదు. మనసు మీకు ఎలాగో ఒకలా చెప్పాలి కదా" అన్నారు. కానీ ఆ రెండుసార్లూ తప్ప మిగతా వందసార్లూ అదే మనసు ఊరికే భయపెట్టింది. ఏది నిజమో నేనొక్కణ్ణే తేల్చుకోవాలనుకోవడమే తప్పన్నారు. మందులు రాశారు. నిద్ర పాడుచేసుకోవద్దన్నారు. చప్పుడు వినిపిస్తే పక్కనున్న మనిషికి పైకి చెప్పాలి, ఒక్కసారి చూడాలి, రెండోసారి చూడకూడదు. ఇదీ ఆవిడ చెప్పిన వైద్యం. ఆవిడ చెప్పిన వివరం నేను నమ్మానా అంటే, ఎక్కువ రోజులు నమ్ముతాను. ఇనప చప్పుడే ఎందుకు వచ్చిందని అడిగితే మాత్రం ఆవిడా నవ్వి ఊరుకున్నారు.

రెండు వారాల సెలవు తర్వాత పనికి వెళ్ళి, టీ దగ్గర అందరిముందూ చెప్పాను. ఎవడో ఒకడు నవ్వుతాడనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టి, "నాను ఇరవై ఏళ్ళ బట్టి ఇంటి తాళం ఏసి, సెంటర్ దాకా ఎల్లి, మల్లీ ఎనక్కి ఒస్తన్నాను బాబూ. మా ఇంటిదానికి కూడా తెల్దు" అన్నాడు. మా యూనిట్ యజమాని రిజిస్టరులో నిజం రాయించి సంతకం పెట్టించుకున్నాడు. ఉద్యోగం తీస్తాడనుకున్నాను. తీయలేదు. ఆ రోజు నుంచి చెప్పులు చూడటం మానేశాం. లోపలికి దిగిన ప్రతి మనిషినీ బయటికి వచ్చాక మొహం చూసి, పేరు పిలిచి, అతని నోట "వచ్చాను" అనిపించుకున్నాకే మూత.

ఆ తర్వాత మొదటి ట్యాంకు వచ్చింది. మధ్యాహ్నం. ఏడుగురు దిగారు, ఏడుగురూ బయటికి వచ్చారు. ఏడు మొహాలు చూశాను, ఏడుసార్లు "వచ్చాను" విన్నాను. బాబాయ్ మూత ఆనించాడు.

లోపలి నుంచి మూడు దెబ్బలు.

"బాబాయ్, నాకు వినిపిస్తోంది" అన్నాను. అంతకుముందు ఎన్నడూ పైకి అనని మాట.

ఆయన పానా కింద పెట్టి, ట్యాంకు గోడకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. "నాకేటీ వినబడట్నేదు. ఒక్కపాలి సూద్దాం" అని మూత తీశాడు. టార్చి వేసి ఇద్దరం చూశాం. ఖాళీ. మూత పడింది. బోల్టులు బిగుసుకుంటుంటే దెబ్బలు ఇంకా వస్తున్నాయి. మళ్ళీ తీయమని నాలుక చివర దాకా వచ్చింది.

"ఇయ్యాల్టికి నా సెవి నమ్మండి బాబూ" అన్నాడు.

వాల్వు నేనే తిప్పాను. నీళ్ళు పడుతున్న హోరు. దాని వెనక ఆ దెబ్బలు, నీటితోపాటు మెల్లగా పైకి జరుగుతున్నట్టు. నా పొట్ట ఎత్తులో, ఛాతీ ఎత్తులో, తల పైన. ట్యాంకు నిండాక అరగంట అలాగే ఉంచాలి. ఆ అరగంటా గోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఒక మనిషిని చంపుతున్నానేమో అన్న భయం ఒక క్షణం కూడా వదల్లేదు. బాబాయ్ పక్కనే నిలబడ్డాడు.

నీళ్ళు వదిలేశాం. అవన్నీ కాలవలోకి పోయాక ఆయన బోల్టులు విప్పాడు. మూత తియ్యబోతూ ఆగి అడిగాడు.

"ఇంకా కొడతన్నాడా?"

"కొడుతున్నాడు."

"అయితే మీరే సూసి సెప్పండి."

మూత తీశాను. తల లోపలికి పెట్టి టార్చి వేశాను. తడి గోడలు, అడుగున కాసిని నీళ్ళు.

"ఎవరూ లేరు" అన్నాను. నాకు తెలియకుండానే పెద్దగా అన్నాను. ఆ మాట ట్యాంకు చుట్టూ తిరిగి, లోపలి నుంచి బయటికి వచ్చింది. దెబ్బలు కాదు, నా గొంతే. ఈసారి వచ్చిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.